ఫొటో కింద తప్పు

పెన్సిల్వేనియాలో నలభై ఏళ్లు సొంత రైలు పత్రిక నడిపిన క్రేబిల్ సంతాప సభ. రైలు ప్రియులంతా కాఫీ కప్పులతో గుసగుసలాడుతుంటే, ముసలి ఫొటోగ్రాఫర్ మాత్రం ఆయన స్మారక సంచికను ఉపసంపాదకురాలి ముందు విసిరికొట్టాడు.

"ఈ బొగ్గింజన్ ఫొటో కింద పంతొమ్మిది వందల అరవై ఒకటి అని వేశారే, సిగ్గులేదూ? మన లైన్లో అవి యాభై ఏడులోనే తుక్కుకి పోయాయి!"

"మెల్లగా! ఆయన భార్య వింటోంది."

"విననీ! ఇంజన్ మీద నీడ పడిందని ఇరవై ఏళ్లు నా ఫొటోలు తిప్పి పంపాడు. ఇప్పుడు ఆయన సంచికలోనే ఇంత పచ్చి తప్పా?"

"అంత కసి ఉంటే ఎందుకొచ్చారు?"

"పోయాడని కళ్లారా చూసుకోడానికి!"

"పొద్దుట్నించీ డెబ్బై మంది ఆ పేజీ చూసి ఏడ్చారు. ఒక్కరూ తప్పు పట్టలేదు."

"గుడ్డి మొహాలు! ఎవడు రాశాడిది?"

"ఆయనే. ఆస్పత్రి మంచం మీద, కావాలనే."

ఆమె ఆఫీసు తాళంచెవి బల్లమీద గిరాటేసింది.

"తప్పు పట్టుకున్నవాళ్లకే తన కుర్చీ ఇమ్మన్నారు. పన్నెండేళ్లు అది నాదే అనుకున్నాను. సోమవారం ఎనిమిదింటికి తగలడండి."

తాళంచెవి అందుకుంటూ అడిగాడతను.

"మరి నా ఫొటోలు?"

"చెత్తేనట. అదీ చెప్పమన్నారు."