గోబర్ గ్యాస్ డ్రమ్ముల వెంట ఏంజెలిన్ గారు

1991 జులై 8న శ్రీమతి ఏంజెలిన్ గారు మనుబోలులో టెక్నికల్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించడం ఆమె బాధ్యత. బావిలాంటి తొట్టిలో పేడనీళ్ళు, వాటి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము ఉంటాయి. గ్యాస్ పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, పొయ్యి వెలిగితే దిగుతుంది. దాని బరువే గ్యాసును పొయ్యి దాకా నెడుతుంది. వరి రైతుల ఇళ్ళలో ఆమె బకెట్టు నీళ్ళలో చెంబు బోర్లించి ఈ సంగతి చూపేవారు.

తర్వాత నాయుడుపేటలో పనిచేసి, పదోన్నతిపై తీర మండలాలకు వచ్చారు. అక్కడ ఒక జాలర్ల పల్లెలో తుఫాను షెల్టరు వంటశాలకు ప్లాంటు కట్టించారు. మన పత్రిక ఈ సంచికలో తన వీడ్కోలు వ్యాసం వేస్తే, అక్కడ జరిగినది కూడా రాయాలన్నది ఆమె షరతు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పడవ యజమాని మస్తానయ్య గారు ఫోన్ చేశారు.

"అక్కా, పడవలన్నీ కట్టేసినాం. డ్రమ్ము గాలికి ఎగిరిపోద్దేమో, దాన్ని గూడా కట్టేదా?"

మరో ఫోను మోగుతున్న హడావుడిలో ఆమె, "గట్టిగా కట్టండన్నా" అన్నారు.

పొద్దుటి వంటకు డ్రమ్ము అడుక్కి దిగి ఉంది. అలాగే పడవ మోకులతో బిగించారు. లేవడానికి వీల్లేక, పుట్టిన గ్యాసంతా అంచుల వెంట బుడగలై పోయింది. ఊరంతా తలదాచుకున్న షెల్టరులో పొయ్యి ఆరిపోయింది.

కారణం 'గ్రామస్థుల అవగాహన లోపం' అని మన కార్యాలయం నివేదికలో రాసింది. ఆ వాక్యానికి మనమంతా సిగ్గుపడాలి. ఏంజెలిన్ గారు దాన్ని కొట్టివేయించి, తన పేరు రాయించారు. తర్వాత ఆ ఊరు వెళ్ళి అందరి ముందు నిలబడ్డారు.

"మాది పడవ బుద్ధిలే అక్కా. కదిలేదాన్ని చూస్తే కట్టేస్తాం" అన్నారు మస్తానయ్య గారు నవ్వుతూ.

"కట్టమన్నది నేను గదన్నా" అన్నారామె తల దించుకుని.

వంట చేసే కామమ్మ గారు మాత్రం నవ్వలేదు. "పిల్లకాయలు అటుకులు నీళ్ళల్లో నానబెట్టుకోని తిన్నారు. అన్నం అని ఏడిస్తే ఏం చెప్పేది నేను? ఇంక ఆ పొయ్యి నేను ముట్టను."

ఏంజెలిన్ గారు మోకులు విప్పించి, డ్రమ్ము లేచేదాకా ఆ ఊరికి వెళ్ళి వస్తూనే ఉన్నారు. చివరికి కామమ్మ గారే అగ్గిపుల్ల గీశారు. ఎసరు పెట్టారు. మాట మాత్రం కలపలేదు.

ఈ నెలాఖరున ఏంజెలిన్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇప్పటికీ ప్రతి తుఫాను హెచ్చరికకూ ఆ ఊరు వెళతారు. కామమ్మ గారు ఇంతవరకు క్షమించానని అనలేదు. అనేదాకా వెళ్ళి వచ్చే ఓపిక, ఆరోగ్యం, నిండు ఆయుష్షు ఏంజెలిన్ గారికి కలగాలని సహోద్యోగులందరం కోరుకుంటున్నాం.