నోట్లోనే ఉండిపోయిన పేరు

మొహం అలా తిప్పేసుకుంటే ఎలా మేడమ్? గోడ వైపు చూస్తే నేను గోడలో కలిసిపోతానా ఏం? ఇటు తిరగండి. స్ట్రా పెదవుల సందులోంచి పెట్టాలి. ఆఁ, అదీ. మెల్లిగా పీల్చండి. పాలే, వేడిగా లేవు.

మీ దవడ విరిగినందుకు నాకు బాధ లేదనుకునేరు. ఉంది. కానీ నా పేరు ఆ దవడ వెనకాలే ఉండిపోయిందే, దానికేం చెప్తారు?

ఎన్నేళ్ళ కోరిక మేడమ్, మీ సంఘంలో చేరాలని! నర్సుల గౌరవ సంఘమాయె. పరిశోధన చేసిన నర్సుని తప్ప గడప తొక్కనివ్వరాయె. చేశాను. దుప్పట్లు మడతపెట్టే గదిలో, మురికి గుడ్డల మూట పక్కన స్టూలేసుకుని రాశాను. "బెడ్‌పాన్ పట్టే చేతికి కలమెందుకే?" అన్నారు మా అత్తగారు. అన్నా రాశాను. దేనిమీద రాశానో గుర్తుందా మీకు? లేదూ? సర్లెండి.

సభ రోజు అధ్యక్షురాలి హోదాలో వేదిక మీద కొత్త సభ్యుల పేర్లు ఒక్కొక్కటే పిలిచారు మీరు. అందరివీ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. నా పేరుకి నోరు తెరిచారు. ఫొటోలో బాగా పడాలని ఒక్క అడుగు వెనక్కి వేశారు.

వేదిక అక్కడితో అయిపోయింది.

మీ కార్యదర్శి ఇప్పుడేమంటోందో తెలుసా? "నియమావళి ప్రకారం అధ్యక్షురాలి నోట పేరు వినబడితేనే సభ్యత్వం." ఆ నోరు తీగలేసి కట్టేశారు కదమ్మా అంటే, "విప్పాక రండి" అంటుంది. రాసిస్తే చాలదా? చాలదట. పోనీ ఉపాధ్యక్షురాలు పిలవకూడదా? ఆవిణ్ణి ప్రకటించాల్సిందీ మీరేనట, అదీ నా తర్వాత! మరి నేనెవర్ని తల్లీ? "అరసభ్యురాలివి" అంది, మొహం మీదే. బ్యాడ్జీ ఇచ్చింది, వెనక పిన్ను ఊడబెరుక్కుంది.

నవ్వకండి! నవ్వితే తీగలు లాగుతాయి.

మీకు నవ్వులాటే. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగానికి శుక్రవారంతో గడువు. సంఘంలో సభ్యత్వం ఉంటేనే తీసుకుంటారు. మీ తీగలు విప్పేదేమో వచ్చే నెల. "పోనీలే, సగం పాఠం చెప్పు" అంటాడు మా ఆయన. ఆ పూట ఆయనకి సగం కంచమే వడ్డించాను.

ఎటు చూస్తున్నారు? మీ తల దగ్గర వేలాడే ఆ కట్టర్ వైపా? దానిమీద నాకూ కన్నుంది, దాపరికమెందుకు? మీకు ఊపిరాడకపోతే తీగలు కోసెయ్యడానికి పెట్టారు దాన్ని. టక్కు టక్కుమని నాలుగు కోతలు, నా పేరు బయటపడుతుంది. కానీ ఊరికే కోస్తారా ఎక్కడైనా? కారణం ఉండొద్దూ?

మేడమ్? ఏమైంది? కడుపులో తిప్పుతోందా? వాంతా?

అయ్యయ్యో... అయ్యో ఏమిటి నా మొహం, దేవుడున్నాడు! కట్టర్... ఇదిగో, చేతిలోనే...

పక్కకి తిరగండి. ఇటు, నా వైపు. తల వంచండి. బుగ్గ సందులో సక్షన్ గొట్టం పెడుతున్నాను, అదే లాగేస్తుంది, మింగొద్దు, బయటికి రానివ్వండి. ముక్కుతో పీల్చండి. ఇంకోసారి. గాలి ఆడుతోందా? ఆడుతోంది. అంతే, అయిపోయింది.

ఉండండి, తుడుస్తాను. కట్టర్ యథాస్థానంలో తగిలించేశాన్లెండి.

ఎందుకు కొయ్యలేదనా ఆ చూపు? అయితే మీరు చదవనే లేదన్నమాట! నా వ్యాసమంతా అదే కదండీ మహాతల్లీ! "దవడ కట్టిన రోగికి వాంతి వస్తే కంగారుపడి కట్టర్ అందుకోకూడదు. ముందు పక్కకి తిప్పి, సక్షన్ పెట్టి చూడాలి." దానికేగా నన్ను సంఘంలోకి పిలవబోయింది!

నిజం చెప్పనా? గొట్టం పెడుతున్నంతసేపూ లోపల మొక్కుకుంటూనే ఉన్నాను, ఈ ఒక్కసారికి నేను రాసింది తప్పయిపోతే బాగుండునని.

కాలేదు. అక్షరం పొల్లుపోలేదు. ఏం చేస్తాం, ఖర్మ!

పాలు మిగిలాయి. ఏదీ, నోరు తెరవక్కర్లేదు. పెదవి తియ్యండి చాలు.