గౌస్ భాయి కుట్టిన సంచి

కట్టెనా? ఈ ఇంట్ల కట్టె లేదు బిడ్డా. కూసో. పక్కింటి నర్సింహ కాడికి పోయి తెస్తనంటవ్, ఆడు కట్టె వట్టుకొని వస్తే పాము బతకది, నా బాత్రూంల టైల్సు గూడ బతకయి. నువ్వైతే మంచం మీద కాళ్లు ముడుసుకొని కూసో నిషితా. పాములు వట్టెటోళ్లు ముత్తంగి కాడ ట్రాఫిక్ల ఇర్కిన్రంటివి గద, రానీ. అంతదాంక పైపు సూస్కుంటది. బాత్రూం గోడ పొంటి వెట్టిన, దాని కొసకు సంచి ఉంది, సంచి నాడా నీ చేతుల ఉంది. ఇంక మనకేం పని? మాట్లాడుడే. కాలు నేలకు కొడితే దానికి తెలుస్తదట గని, మనం ఎన్ని ముచ్చట్లు వెట్టినా దానికి పరేషాన్ లేదట. నా మాట గాదు, గౌస్ భాయి మాట.

ఏ గౌస్ భాయి అంటవా? అవ్, నీకెట్ల యాదికుంటడు, నీకు రెండేండ్లప్పుడే పాయె. నీ మొదటి గౌను ఆయన కుట్టిందే. పటాన్‌చెరు బస్టాండ్ ఎన్క దర్జీ దుకాణం, కంపెనీ డ్రెస్సులన్ని ఆయన మిషిన్ మీదికెల్లే రావాలె. ఎవరింట్ల పామొచ్చినా కత్తెర కిందవెట్టి పోతుండె. ఆ సంచి జెర మంచిగ సూడు, ఏందది? కంపెనీ పాంటు కాలు! ఒక దిక్కు కుట్టేసిండు, ఇంకో దిక్కు పైపుకు తొడిగిండు, పైజామాకు ఎక్కిచ్చినట్టు నాడా ఎక్కిచ్చిండు. నాడా ఇంత పొడుగెందుకంటే దూరం కెల్లి గుంజాలె, చెయ్యి దాని దగ్గరికి పోవద్దు. బెదిరిన పాము సీకటి బొక్క దేవులాడుతదట. "నేనేడ పడుతున్న పెంటయ్యా, దానికి కిరాయి ఇల్లు సూపిస్తున్న" అనెటోడు.

ఇగ నేనెట్లుంటి? చేతుల ఎదురుబొంగు కట్టె, దాని కొసకు ఇనుప పొన్ను. పామన్న మాట ఇనవడితే తినే పల్లెం ముంగట కెల్లి లేసి ఉరుకుతుంటి. మీ నాయనమ్మ ఇందిరమ్మ తిడుతుండె పాపం, "నీకేమన్న జీతమిస్తున్నరా దానికి" అని. అట్లుండంగ ఒకదినం గౌస్ దుకాణంలనే పామొచ్చింది, డ్రెస్సుల మూటల ఎన్క. ఉరికిన. "కట్టె బయట వెట్టి లోపలికి రా" అన్నడు. ఆయన పైపేమో పగిలి ఉంది. నేను అప్పుడు ప్లాస్టిక్ కంపెనీల గద, షాన్‌గ పోయి కొత్త పైపు తెచ్చిన, అద్దం లెక్క తళతళ, ఇవతలికెల్లి అవతలికి కనవడుతది. మస్తు మురిసిన. పాము వచ్చింది, తలకాయ వెట్టింది, ఆ కొస దాక ఎల్తురే కనవడె, ఎనుకకు మళ్లింది. మూడుపార్లు గట్లనే. "భాయి, ఇది సదువుకున్న పాము" అన్న. గౌస్ పడి పడి నవ్విండు. "అరే మియా, అద్దాల ఇంట్ల ఎవడన్న పండుకుంటడా?" అని, కోటు లోపలేసే నల్లగుడ్డ కత్తిరిచ్చి, ఆడనే కూసొని పైపు సుట్టు కుట్టేసిండు. గదే ఇది, ఈ పైపే. ఒక్క పోగు ఊడలే సూడు. నాలుగోపారి సర్రున పోయింది. నాడా నేనే గుంజిన.

సంచి లేపితే నా చేతికి బరువు తెలిసింది. కదులుతుంది బిడ్డా లోపట. అన్ని పాములు కొట్టిన గని, అది బతికుండంగ ఎట్లుంటదో నాకు తెల్వనే తెల్వదు. సిగ్గయింది నాకు. దగ్గర్ల తుప్పలుంటె ఆడనే ఇడిసినం. దూరం తీస్కపోతె దానికి దారి తెల్వదు, ఆగమైతదన్నడు.

ఎనుక ఆయనకు సుగరొచ్చి కాలు పాడైంది. సూడవోతే, మంచంల కెల్లే అన్నడు, "నీ కట్టె నాకియ్యి పెంటయ్యా, నా పైపు నువ్వు తీస్కపో." ఇచ్చిన. పొన్ను ఊడవీకి, దానికి గుడ్డ సుట్టి కుట్టుకున్నడు. నడిచినన్ని దినాలు ఆ కట్టె వట్టుకొనే మజీదుకు నడిచిండు. నేను ఎన్నిటిని సంపిన కట్టె అది, ఆయనను ఎంత పదిలంగ...

ఆగు. సంచి కదిలింది. ఇంక తోక పోలే, ఆగు... ఇగ గుంజు. మెల్లగ. ఆఁ, అంతే. ఇగ నాడా వట్టి సంచి జెర లేపు.

తెలుస్తుందా చేతికి?

...ఇగ పో, తానం జెయ్యి పో, కంపెనీ బస్సు పోతది.