బావగారి బుర్రలో గోడ

ఆఫీసు మేడ కింద టీ కొట్టు దగ్గర బావ కనిపించాడంటే, బెంచీ మీద ఉన్నవాళ్ళు ముందుగానే రెండో టీ చెప్పేసుకునేవాళ్ళు. ఆయన కోతలు ఒక్క గ్లాసుతో తెమిలేవి కావు. ఉద్యోగం కూడా నోటికి తగ్గదే దొరికింది. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ బంగారమో, ఏది చెత్తో తేల్చి ర్యాంకులిచ్చే విశ్లేషకుడాయన. ఆయన రిపోర్టు చూసుకుని పెద్దపెద్ద ఆసుపత్రులు సరుకు కొంటాయి. ఆయన మాత్రం తన ఫోను కొనుక్కోవాలన్నా మరదల్ని అడుగుతాడు.

ఈసారి మరదలే ఆయన్ని అడగడానికి వచ్చింది. ఆమె ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో డాక్టరు. ఏ రోగికి ఏ గ్రూపు రక్తం వెళ్ళాలో చూసే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలో చెప్పే భారం ఆమె నెత్తిన పడింది. సాయంత్రం సూపరింటెండెంటు సంతకం పెట్టేస్తాడు. బావ మొదటి ర్యాంకు ఇచ్చినదాన్నే కొనమందామని దాదాపు అనుకుంది కూడా. మనసులో ఏ మూలో కాస్త పీకుతుంటే, ఒక్క మాట అడిగిపోదామని ఆగింది.

"బావా, అది నిజంగా బాగుంటుందా?"

అవుననో కాదనో చెప్పేసే మనిషైతే ఆయన విశ్లేషకుడెందుకవుతాడు.

"కూర్చో మరదలా, చెప్తాను" అని గొంతు సవరించుకున్నాడు. మొదట్లో కథ నేలమీదే నడిచింది. ఆ కంపెనీవాళ్ళు సాఫ్ట్‌వేర్ చూడమని పిలిచారట. ఈయన ఒక్క మీట నొక్కగానే తెర తెల్లబోయిందట. దాన్ని చూసి ఇంజనీర్లూ తెల్లబోయారట.

"తర్వాత ఏం చేశారో ఊహించు. నా కాళ్ళమీద పడబోయారు. నేను వెనక్కి లాక్కున్నా. విశ్లేషకుడి కాళ్ళు ఎవరి చేతికీ అందకూడదు."

అందకూడని ఆ కాళ్ళని వాళ్ళు విమానమెక్కించి ఓ దీవికి తీసుకెళ్ళారట. గది ఎదురుగా సముద్రం. దాని ప్రభావం తనమీద పడకూడదని ఈయన ఉన్నన్నాళ్ళూ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడట. విందులో వడ్డించినవన్నీ తిన్నాడు గానీ రుచి తెలియనివ్వలేదట. నాలుకతో ముందే మాట్లాడుకున్నాడట.

బెంచీ చివరన కూర్చున్న టాక్సీ డ్రైవరు, ఆ కంపెనీకి సలహాలిచ్చేది కూడా తమరేనని మొన్న తమరే అన్నారని గుర్తు చేశాడు.

"అనకేం? పొద్దున సలహాదారుణ్ణి, మధ్యాహ్నం న్యాయమూర్తిని. ఎలా కుదురుతుందంటావా, బుర్రలో నడిమధ్యకి గోడ కట్టించుకున్నా. ఎడమవైపు వాడు ఫీజు పుచ్చుకుని, ర్యాంకు ఎలా కొట్టాలో కంపెనీకి చెప్తాడు. కుడివైపు వాడు ర్యాంకు ఇస్తాడు. ఇద్దరికీ మాటల్లేవు. మొన్న ఎడమవైపు తలనొప్పి వస్తే కుడివైపు వాడికి కబురే అందలేదు. ఎంత గట్టి గోడంటే, సెలూన్‌లో కత్తెర తగిలి వంకరపోయింది."

"మరి సాయంత్రం ఇంటికెళ్ళేది ఏ వైపు వాడండీ?" అన్నాడు టీ కొట్టాయన, పాలు పైనుంచి కిందికి తిరగపోస్తూ.

"అక్కడ గోడలు పనిచెయ్యవు. ఈవిడ అక్కగారికి ఇద్దరూ కలిసే భయపడతారు."

బెంచీ అంతా నవ్వింది. ఆ నవ్వుతో కథకి రెక్కలొచ్చాయి. రిపోర్టు బయటికి రాగానే రెండో ర్యాంకు కంపెనీ బోర్డు మీద అక్షరాలు సిగ్గుతో వాటంతటవే ఊడిపడ్డాయట. మొదటి ర్యాంకు సర్వరు తన గురించి ఈయన రాసింది చదువుకుని, అంతవరకూ తనకి లేని తెలివితేటలన్నీ అప్పటికప్పుడు తెచ్చుకుందట. ఇప్పుడది, రక్తం ఇద్దామన్న ఆలోచన దాతకి రాకముందే గ్రూపు చెప్పేస్తోందట. పెళ్ళి కుదరని జంటకి పుట్టబోయే పిల్లల గ్రూపులు కూడా పైసా అడక్కుండా చెప్తోందట.

మరదలు కూడా నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "ఎప్పుడూ తప్పు చూపించలేదా బావా?"

అంత ఊపులో ఉన్న మనిషికి బ్రేకులెక్కడివి.

"చూపిస్తే ఏంటట? ఒకచోట మన సర్వరు కాస్త మొరాయించి, ఒకరి గ్రూపు ఇంకొకరికి చూపించింది. చిన్న తుమ్ములాంటిది. ఎవరో నర్సు అనుమానమొచ్చి ఆపిందిలే. మనవాళ్ళు పరిగెత్తుకెళ్ళి సర్దేశారు. అలాంటివి మనం బయటికి పొక్కనిస్తామా? మీ రోగులు కాస్త ఓపిక పట్టాలంతే."

ఆమె గ్లాసు కింద పెట్టింది. అందులో సగం టీ అలాగే ఉంది.

"ఇంకోసారి చెప్పు బావా. సర్వరు ఎవరిది?"

"మనదే" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"సర్దినవాళ్ళు?"

"మనవాళ్ళు."

"రోగులు?"

"మీ..." అని ఆగిపోయాడు.

"సర్వరు మనది, రోగులు మాత్రం మీవాళ్ళు. గోడ నీ బుర్రలో ఎక్కడుంది బావా? నీకూ నా రోగులకీ మధ్య కట్టుకున్నావు."

ఆయన ఏదో అనబోయేలోపే ఆమె ఫోను చెవికి ఆనించింది. "సార్, సంతకం పెట్టకండి. ఆ సాఫ్ట్‌వేర్ రక్తం గ్రూపు తారుమారు చేసిందట. దానికి మొదటి ర్యాంకు ఇచ్చినాయనే చెప్తున్నారు. పక్కనే ఉన్నారు, మాట్లాడతారా?"

బావ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆమె ఫోను పెట్టేశాక, ఏదో సరదాకి కోశానని, మాటలన్నీ గాలిమాటలేనని బతిమాలుకున్నాడు.

"ఏది కోత బావా? దీవా, తుమ్మా?"

దీవి కోత అంటే, తుమ్ము నిజమై కూర్చుంటుంది. తుమ్ము కోత అంటే, కంపెనీ డబ్బుతో తిరిగొచ్చిన దీవి నిజమై కూర్చుంటుంది. జీవితంలో మొదటిసారి ఆయన ర్యాంకు ఇవ్వలేకపోయాడు. చివరికి గ్లాసులోకి చూస్తూ గొణిగాడు.

"నాతో ఒక్క మాట ముందే అంటే, మనవాళ్ళకి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి కదా."

టీ కొట్టాయన ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆయన ముందు ఆగాడు.

"ఇప్పుడు మాట్లాడింది ఏ వైపు వాడండీ?"