వెనక్కి పిలిచిన పిల్ల

అది కాదమ్మా చాందినీ, ఆపావు సరే, అందరి ముందూ ఆపాలా అని. కూర్చో. తలుపు వేసేశాను. హెడ్ సిస్టర్ గదిలోకి నేను పిలవకుండా ఎవరొస్తారు చెప్పు?

ఏడవకు. ఏడిచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

నువ్వు చేసింది తప్పని నేననడం లేదు. నూకరాజుది కుడి మోకాలే. మండవల్లి దగ్గర చేపల చెరువు గట్టు మీద జారిపడి, ఆ మోకాలే పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. మన థియేటర్ బాయ్ వీర్రాజు ఏ ధ్యాసలో ఉన్నాడో, ఎడమ మోకాలికి మందు రాసి చుట్టూ పచ్చగుడ్డలు కప్పేశాడు. సార్ కత్తి పట్టుకున్నారు. నువ్వు "ఆగండి సార్, అది ఎడమదండీ" అన్నావు. అంతేగా?

అంతే అనుకుంటున్నావు నువ్వు.

మీ భీమడోలులో గడప దాటిన మనిషిని వెనక్కి పిలుస్తారా? ఎక్కడికెళ్తున్నావని అడుగుతారా? అడగరు కదా. మరి పాండురంగారావు సార్ చేతులు కడుక్కుని, థియేటర్ గుమ్మంలో వెంకన్న పటానికి దణ్ణం పెట్టుకుని లోపలికొచ్చాక ఎవరూ నోరెత్తకూడదని నువ్వు చేరిన రోజే చెప్పానా లేదా? పని మీద బయల్దేరిన మనిషి కిందే లెక్క ఆయన. మాకు దగ్గొచ్చినా మింగేస్తాం. నెల్సన్ గారు, అంత పెద్ద మత్తు డాక్టరు, ఆయన కూడా కళ్ళతోనే మాట్లాడతారు.

ఏంటీ? ట్రైనింగా?

ఆఁ, వచ్చారు హైదరాబాదు నుంచి. టీమ్‌వర్క్ అన్నారు, లీడర్‌షిప్ అన్నారు. కత్తి పెట్టే ముందు అందరూ ఒక్క క్షణం ఆగి, పేషెంటు పేరేంటి, ఏ పక్క, ఏ ఆపరేషను, ఇవన్నీ పైకి చెప్పుకోవాలన్నారు. అనుమానమొస్తే ఆయా అయినా సరే ఆపొచ్చన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సారే, చూశావుగా. మనమూ చేస్తున్నాం కదమ్మా, మానలేదే. కాకపోతే సార్ రాకముందే కానిచ్చేస్తాం. నేనే అడుగుతాను, నేనే చెప్పుకుంటాను. ఆయన ఎదురుగా అడిగితే ఆయనకే పరీక్ష పెట్టినట్టుండదూ?

నూకరాజుకీ చేశాను. కుడి మోకాలు అని గట్టిగానే అన్నాను. వీర్రాజు అప్పటికింకా లోపలికి రాలేదు, అంతే.

నెల్సన్ గారు చూడలేదనుకుంటున్నావా? చూశారు. చూసి మానిటర్ వైపు తిరిగారు. నేనూ చూశాను. నావైపు అలా చూడకు. వీర్రాజుకి సైగ చేశాను, వాడు చూసుకోలేదు. ఇంకోసారి చేసేదాన్నేమో. ఈలోపే నీ నోరు లేచింది.

అతని మంచి కాలు దక్కింది, కాదనను. సార్ కుడి పక్కకి తిరిగి పని పూర్తి చేశారు. తర్వాత టీ దగ్గర ఏమన్నారో తెలుసా? "మన హాస్పిటల్లో కొత్త సర్జన్ గారు చేరారండీ, ఇక మనం ఇంటికెళ్ళి పడుకోవచ్చు" అన్నారు. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

అప్పట్నుంచే కదా నీ పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినడం లేదు. నేను వద్దన్నాననుకున్నావా? ఒక్కరికి కూడా చెప్పలేదు. చెప్పక్కర్లేదమ్మా. ఇక్కడ ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మానెయ్యాలో సార్ మొహం చూస్తే తెలిసిపోతుంది.

సుబ్బాయమ్మ సంగతి మాత్రం నా పనే. అదేనమ్మా, నూకరాజు భార్య. కుట్లు చీము పట్టేసరికి వార్డంతా గోల చేసింది. ఆ కోపం ఎవరో ఒకరి మీదకి పోవాలి కదా? "కత్తి పట్టుకున్న డాక్టరు గారిని మధ్యలో ఒక పిల్ల ఆపిందమ్మా, అపశకునం కాదూ మరి" అన్నాను. ఇట్టే నమ్మింది. ఇందాక వరండాలో నీ చెయ్యి పట్టుకుని తిట్టింది చూడు, అవన్నీ నేను పెట్టిన మాటలే. నువ్వు ఎవరి కాలు కాపాడావో ఆ ఇంటి మనిషే వెళ్ళి నిన్ను పంపించెయ్యమని సార్‌ని అడిగింది. ఆయనకి అంతకంటే ఏం కావాలి? పేషెంటు తాలూకు వాళ్ళే అడిగారాయె.

రేపట్నుంచి రావద్దని చెప్పమన్నారు. చెప్పాను. అయిపోయింది.

ఉండు, ఉండు. లేవకు.

ఒక్కరోజు ఉండమ్మా. రేపొక్కరోజు. ఇంకో సిస్టర్ దొరకలేదని సార్‌కి నేను చెప్పుకుంటాను. రేపు రెండో కేసు మా ఆయనది. మోకాలే. ఆయనది ఎడమది.

వేరేచోటికి తీసుకెళ్ళొచ్చుగా అంటావా? భలేదానివే. హెడ్ సిస్టర్ మొగుణ్ణి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సార్ ఏమనుకుంటారు? ఇన్నేళ్ళు ఆయన పక్కన నిలబడి ఇప్పుడు ఆయన చేతి మీద నమ్మకం లేదన్నట్టు కాదూ? అంత మాట నేను పడలేను.

నువ్వు లోపలుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే చూస్తూ ఉండు. అవసరమైతే ఆపుతావు కదా? నాకు తెలుసు, నువ్వైతే ఆపుతావు.

మెడలో కార్డు తీసేస్తున్నావేంటి?

రానంటావు. అంతేనా.

సరే, పో. ఇంత పొగరు ఉంది కాబట్టే నీకిలా అయింది. కార్డు ఆ బల్ల మీద పెట్టి పో. నువ్వు లేకపోతే మా హాస్పిటల్ మూతపడదు, మా ఆయనకి ఆపరేషనూ ఆగదు. రేపు సార్ పక్కన నేనుంటాను. వీర్రాజు ఏ మోకాలు కడుగుతాడో, సార్ దేని మీద చెయ్యి వేస్తారో నేను చూస్తూనే ఉంటాను.

చూస్తాను, అంతే. కట్టుకున్న మొగుడే అయినా నాకు నోరు పెగలదు. నా సంగతి నాకు తెలీదా? సార్ చెయ్యి చాపుతారు, నేను కత్తి అందిస్తాను.