నా పేరు మీద నూటపన్నెండో పేజీ

వద్దు పాస్టరు గారూ, ఆ కాగితం నా ముందు పెట్టకండి. సంతకం కాదు కదా, చుక్క కూడా పెట్టను. మన చర్చి వంటల పుస్తకం మళ్ళీ అచ్చు వేసుకుంటారా, వేసుకోండి. నూరేళ్ళ పండగ చేసుకుంటారా, బాజాలు పెట్టి చేసుకోండి. నా పేజీ మాత్రం చింపి అవతల పారేయండి. నూటపన్నెండో పేజీ. 'రాగ్నా టోలెఫ్‌సన్ పాల దుంపలు'. ఆ పేరు నాది. దాని కింద ఉన్నదేదీ నేను చెప్పింది కాదు.

కూర్చోండి. నిలబడి మాట్లాడితే నాకు మెడ నొప్పి. కాఫీ? వద్దా? కొంచెం? అదీ వద్దా? అబ్బో, ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలు కాలేదు, మూడోసారి అడిగితేగానీ ఒప్పుకోకూడదని అప్పుడే నేర్చేసుకున్నారే! ఇదిగో, మూడోసారి అడుగుతున్నా. ఆఁ, అలా రండి దారికి.

ఆర్డిస్ పంపిందా మిమ్మల్ని?

అబద్ధమాడకండి బాబూ, మీకది చేతకాదు, చెవులు ఎర్రబడుతున్నాయి. ఎదురింటి కిటికీలో తెర పట్టుకుని నిలబడి ఉంటుంది ఈపాటికి. నిలబడనీ. ముప్ఫై రెండేళ్ళ స్నేహం మొన్న ఆదివారంతో సరి. ఇక ఈ గడప తొక్కనివ్వను. ఆ ముక్కే వెళ్ళి చెప్పండి.

ఏం జరిగిందో మీకు సగమే తెలుసు. మీరు అవతల మీటింగులో ఉన్నారుగా.

ఆరాధన అయ్యాక అందరం కింద హాల్లో భోజనాలకి చేరామా, ఆ కొత్త టీచరమ్మ లేదూ, బ్రెన్నా, నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చింది. "మామ్మగారూ, మీ పాల దుంపలు వండానండీ! పుస్తకంలో మీరు చెప్పినట్టే మైక్రోవేవ్‌లో ఇరవై నిమిషాలు. ఎంత బాగా కుదిరాయో!" అంది.

"మైక్రోవేవ్ ఏంటమ్మాయ్?" అన్నాను. "మూడువందల యాభై డిగ్రీల వేడిలో, ఓవెన్‌లో, గంటన్నర!"

పాపం, అది పిచ్చిపిల్ల. వంటింట్లోకెళ్ళి పుస్తకం తెచ్చి, అందరి ముందూ గట్టిగా చదివేసింది. మైక్రోవేవ్ అట. గాజు గిన్నె అట. పది నిమిషాలకోసారి ఆపి గిన్నె అటూ ఇటూ తిప్పాలట, లేకపోతే నడుమ పచ్చిగా ఉండిపోతుందట. చివర్న కార్న్‌ఫ్లేక్స్ వెన్నలో విడిగా వేయించి పైన చల్లాలట.

అందరూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు తెలిసింది పాస్టరు గారూ. వాళ్ళెవరికీ అది కొత్త సంగతి కాదు. ఆ పుస్తకం అచ్చయి పద్నాలుగేళ్ళు. ఇంటింటికీ ఉంది. పద్నాలుగేళ్ళుగా ప్రతివాళ్ళకీ తెలుసు, నాకు తప్ప!

ఈ ఊరి మంచితనం అంటే ఇదీ. మొహం మీద ఎవ్వరూ ఏదీ అనరు. "నీ ఓవెన్ మహిమ రాగ్నా" అని తిన్నారు. "ఆ పైపొర అంత కరకరలాడుతూ ఎలా వస్తుందో" అని మెచ్చుకున్నారు. ఇంటికెళ్ళి పుస్తకం తెరిచి నవ్వుకున్నారు.

ఇంకో సంగతి వినండి. పన్నెండేళ్ళ కిందట ఎవరో చర్చి వంటింటికి మైక్రోవేవ్ ఒకటి ఇచ్చారు. అప్పుడు వంటింటి పెత్తనం నాది. నేను బల్ల మీద చెయ్యి కొట్టి మరీ మాట్లాడాను. భూస్థాపన భోజనానికి వచ్చినవాళ్ళకి డబ్బాలో వెచ్చబెట్టిన తిండి పెడతామా, చచ్చినవాళ్ళకి మనమిచ్చే మర్యాద ఇదేనా అన్నాను. దాన్ని తీసుకెళ్ళి సండే స్కూలు గదిలో పడేయించాను, పిల్లలు పాప్‌కార్న్ చేసుకోవడానికి.

అంతా చప్పట్లు కొట్టారు! ఎవరి మొహంలోనూ చిన్న ముడత లేదు. ఆర్డిస్ అందరికంటే గట్టిగా కొట్టింది.

ఏంటంటున్నారు? పుస్తకం నా దగ్గరా ఉందిగా, నేనెందుకు చూసుకోలేదంటారా?

...

ఆ పంచదార ఇటివ్వండి.

నాకు చదవడం రాదు పాస్టరు గారూ. అదిగో, అనేశాను. డెబ్బై తొమ్మిదేళ్ళు. అంకెలొచ్చు, నా పేరొచ్చు. మిగతావి కాగితం మీద నిలబడవు, చేపపిల్లల్లా కదులుతుంటాయి. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాను చూశారా? పాటలన్నీ నోటికొచ్చు, పేజీ మాత్రం పక్కవాళ్ళని చూసి తిప్పుతాను. మా ఆయన ఐనార్ ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలూ కాగితాలూ ఆయనే చదివేవాడు. ఆయన పోయాక ఆర్డిస్. ఆర్డిస్ ఒక్కదానికే తెలుసు.

ఎలా తెలిసిందంటే, దానికీ ఆ దిక్కుమాలిన డబ్బాయే కారణం.

మా ఇంటి మైక్రోవేవ్ ఐనార్ కొన్నాడు, కాఫీ వెచ్చబెట్టుకోవడానికి. నేను కన్నెత్తి చూసేదాన్ని కాదు. ఆయన పోయిన మరుసటేడు వాకిట్లో మంచు మీద జారి పడ్డాను. ఇదిగో, ఈ మణికట్టు. అతికింది గానీ వంకరగా అతికింది. మా అత్తగారి నీలం ఎనామిల్ పళ్ళెం తెలుసుగా మీకు, అరవైమందికి సరిపోయేది. దుంపలూ పాలూ నింపాక అది ఓవెన్‌లోంచి ఎత్తి తియ్యాలంటే రెండు గట్టి చేతులుండాలి. ఒకసారి ప్రయత్నించాను. సగం పాలు ఓవెన్ అడుగున, సగం నా కాళ్ళ మీద.

ఎవరితో చెప్పుకోను? హుల్డా గతి నాకు తెలీదా? చర్చి వంటింట్లో నలభై ఏళ్ళు చేసింది హుల్డా. ఒకరోజు పెద్ద గిన్నె ఎత్తలేక జార్చింది. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చోబెట్టారు, వచ్చినవాళ్ళ చేత పుస్తకంలో పేర్లు రాయించడానికి. ఎవరు కూర్చోబెట్టారంటారా? నేనే. మెత్తగా, నవ్వుతూ. "మీరు విశ్రాంతిగా ఉండండి హుల్డా అక్కా" అని. నన్నయితే ఆ పుస్తకం ముందు కూడా కూర్చోబెట్టలేరు కదా.

అందుకని చిన్న పళ్ళెం ఒకటి తీసి, దుంపలు పేర్చి, ఆ డబ్బాలో పెట్టాను. అదీ ఎనామిల్ పూసిన ఇనుమే. ఇనుము పెట్టకూడదని పక్కనున్న కాగితంలో రాసుందట, నాకేం తెలుసు? లోపల మెరుపులు! టపటపమని మెరుపులు! నా కేకలకి ఆర్డిస్ చెప్పుల్లేకుండా మంచులో పరుగెత్తుకొచ్చింది. తీగ పీకింది. నా చెయ్యి చూసింది. "కాగితం చదవలేదా రాగ్నా?" అంది. ఆ కాగితం తీసి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ ఇంటికెళ్ళి గోళ్ళ రంగు సీసాలు రెండు తెచ్చింది. మీటల మీద చుక్కలు పెట్టింది. ఎర్రచుక్క నొక్కితే మొదలవుతుంది, గులాబీది నొక్కితే ఆగుతుంది. అంకెలు నాకొచ్చని చెప్పాగా, వాటి జోలికి పోలేదు. ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడండి కావాలంటే.

అవును బాబూ. అప్పట్నుంచీ మైక్రోవేవ్‌లోనే వండుతున్నాను. ఎందుకలా చూస్తారు? పద్దెనిమిది భూస్థాపనలకు మీ సంఘం తిన్నది అదే. బంగాళాదుంప కాగితమంత పల్చగా తరగాలి, మందంగా తరిగితే ఉడికినా సబ్బు ముక్కలా ఉంటుంది. పాలు ముందే వెచ్చబెట్టి పోయాలి. మూడు గాజు గిన్నెల్లో మూడుసార్లు వండి, నీలం పళ్ళెంలోకి బోర్లించేదాన్ని. ఆ డబ్బాలో పైపొర ఎర్రబడదుగా, పాలిపోయిన మొహంలా ఉంటుంది. అందుకే ఇనప మూకుట్లో కార్న్‌ఫ్లేక్స్ వేయించి కప్పేయడం. వాళ్ళందరూ లొట్టలేసిన పైపొర అదీ! నా దొంగతనం మీద కప్పిన దుప్పటి.

ఆర్డిస్ మొగుడు పళ్ళెం మోయడానికి వచ్చే వేళకి ఖాళీ ఓవెన్ వెలిగించి ఉంచేదాన్ని, వంటిల్లు వేడిగా ఉండాలని. డబ్బా కీచుమని కూయకుండా, ఒక్క సెకను మిగిలుండగానే తలుపు లాగేసేదాన్ని. ఎన్నేళ్ళు! ఒక్కసారి కూయనిచ్చానా?

అయితే పుస్తకానికి ఆర్డిస్ రాసిచ్చింది నిజమేగా అంటారా? నిజమే! అదేగా నా మంట! అబద్ధం రాసుంటే తిట్టి ఊరుకునేదాన్ని.

ఇదే కుర్చీలో కూర్చుని రాసింది. నేను చెప్పాను, మూడువందల యాభై, గంటన్నర, అని. "అలాగే" అంది. రాశాక, "చదువు" అన్నాను. చదివింది. "మూడువందల యాభై వేడిలో గంటన్నర" అని, మీరు బైబిలు వాక్యం చదివినంత స్పష్టంగా చదివింది. కాగితం మీద ఒకటి రాసి, నా మొహంలోకి చూస్తూ ఇంకోటి చదివింది. గుడ్డిదాని చేతికి ఉత్త పళ్ళెమిచ్చి భోంచెయ్యమన్నట్టు కాదూ?

మొన్న సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి ఏమందో తెలుసా? "నువ్వు చెప్పిన పాల కొలత ఆ డబ్బాకి సరిపోయేది రాగ్నా. అవే పాలతో ఓవెన్‌లో గంటన్నర పెడితే మాడి బొగ్గవుతుంది. నీ పేరు మీద ఎవరూ మాడిన దుంపలు తినకూడదని అలా రాశాను. నీ మనసు కష్టపెట్టకూడదని ఇలా చదివాను" అంది. తలుపేసేశాను.

తలుపు వేశాక కూర్చోలేకపోయాను. ఒక పేజీ అలా చదివిన మనిషి మిగతావన్నీ ఎలా చదివిందో? పదిహేడేళ్ళుగా నా ఇంటికొచ్చిన ప్రతి కాగితం ఆవిడ నోట్లోంచే విన్నాను. డాక్టరు కాగితం, కరెంటు వాళ్ళది, క్రిస్మస్ కార్డులు. అవన్నీ పోనివ్వండి.

ఇది.

మా చెల్లెలు సెల్మా రాసిన ఉత్తరం. తొమ్మిదేళ్ళ కిందట. ఇంట్లో పాలు పితకడానికి నేనుండిపోతే, బడికెళ్ళింది అది. నా పెళ్ళిరోజు, ఐనార్ చుట్టాలందరి ముందూ, ఒక శుభాకాంక్షల కార్డు నా చేతిలో పెట్టి "గట్టిగా చదువక్కా" అంది. నవ్వుతూ. ఐనార్ లాక్కుని చదివాడు. యాభై ఏళ్ళు దానితో మాట్లాడలేదు పాస్టరు గారూ. అమ్మ భూస్థాపనలో కూడా చెరో పక్కన కూర్చున్నాం.

అప్పుడొచ్చింది ఈ ఉత్తరం. ఆర్డిస్ చదివింది. "అక్కా, ఆ రోజు నేను చేసింది క్షమించరాని పని. పాలు పితికిన నీ చేతుల పుణ్యాన నేను బడికెళ్ళాను. ఒక్కసారి రా" అని. ఇంకా చాలా. మా చిన్నప్పటి ఆవు సంగతి, మంచులో మేం తప్పిపోయిన సంగతి. నేను ఏడ్చాను. ఆ వారమే బస్సెక్కి వెళ్ళాను. అప్పటికే దానికి మాట పడిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. నాలుగు రోజులకి పోయింది.

తీసుకోండి, విప్పండి. ఎన్ని వరుసలున్నాయి? అక్షరాలు రాకపోతేనేం, వరుసలు లెక్కపెట్టుకోవడం వచ్చు నాకు. నాలుగు. నాలుగే! నాలుగు వరుసల్లో ఆవు పడుతుందా, మంచు పడుతుందా, క్షమాపణ పడుతుందా? ఆవూ మంచూ నా కబుర్లే అయ్యుంటాయి, ఎన్ని చలికాలాలు చెప్పానో ఆర్డిస్‌కి. ఆవిడ చదివినంతసేపూ నా కాఫీ చల్లారిపోయింది. మొన్న రాత్రంతా దీన్ని పట్టుకుని ఆ వరుసలే లెక్కపెట్టాను...

ఆగండి. వద్దు. నోరు తెరవకండి. ఇటిచ్చేయండి. మీ కళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో నాకక్కర్లేదు, మొహం అటు తిప్పుకోండి. నిజమేంటో మీ కడుపులోనే ఉంచుకోండి. ఆర్డిస్ చదివిందే సెల్మా రాసింది.

మొన్న లెక్కపెట్టాననలేదూ? అది అబద్ధం. ఆ రోజే లెక్కపెట్టాను, ఆవిడ ఇంకా చదువుతుండగానే, భుజం మీంచి. ఆపమనలేదు. చదవనిచ్చాను.