చేజారిన కప్పులు, ఎర్ర మందు

అలా గోడవైపు తిరిగిపోతే ఎలా అత్తయ్యా? నేను తినిపిస్తే నోరు విప్పరు, నర్సు తినిపిస్తే గిన్నె ఖాళీ చేస్తారట. ఆవిడే చెప్పింది. సరే, తినకండి. వినండి చాలు. మీ అబ్బాయి కింద మందుల షాపులో ఉన్నారు. ఆయనొచ్చేలోపు చెప్పేస్తాను.

పొద్దున మీకు వేసిన సూది చూశారా, ఎర్రటి మందు? అది బీ ట్వెల్వ్ విటమిను. నాకేం కొత్త కాదు. ఏళ్ల తరబడి దాంతోనే నా కాపురం.

ల్యాబులో ఏం చేస్తావని ఒకసారి అడిగారు మీరు. చెప్పినా మీకు అర్థం కాదులెండి అన్నాను. ఇప్పుడు చెబుతున్నా. పేగుల్లో ఉండే ఒకరకం బాక్టీరియాలో ఓ ఎంజైము ఉంటుంది. మన పేగుల పొర రాలినప్పుడు ఇథనోలమీన్ అనే పదార్థం వస్తుంది కదా, దాన్ని విరగ్గొట్టి ఆ బాక్టీరియాకి తిండి చేసిపెడుతుంది. కానీ ఈ విటమిను తోడు లేకపోతే ఆ ఎంజైము ఉన్నా లేనట్టే, చచ్చుగా పడి ఉంటుంది. వెలుగు తగిలితే విటమిను పాడవుతుంది. అందుకని తలుపులు మూసుకుని, ఎర్ర బల్బు వేసుకుని, గొట్టాలకి రేకు చుట్టి, పసిపిల్లకి పాలు పట్టినట్టు చుక్కచుక్కగా పోస్తాను. అదీ నా ఉద్యోగం.

మరి ఇంట్లో? అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని మీరంటే, చెప్పులేసుకుని తిరగండి అన్నాను. కప్పులు చేజారుతుంటే ఏమనుకున్నానో తెలుసా? మా పుట్టింటివాళ్లు ఇచ్చినవని కావాలనే పగలగొడుతున్నారనుకున్నాను. నిజం. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే అదీ నా మీద కక్షే. చెప్పి చెప్పి మీ అబ్బాయినీ నమ్మించాను. పాపం, ఆయన మీతో మాటలు తగ్గించింది అందుకే.

మొన్న స్నానాలగది గుమ్మంలో పడ్డారే, అప్పుడు... పిలిచారు. విన్నాను. మళ్లీ నాటకం మొదలైందనుకుని, పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, నింపాదిగా వచ్చాను.

ఊఁ. తెలుసన్నమాట మీకు. తెలిసే అటు తిరిగారు.

డాక్టరమ్మ మంచావిడే. మీ కడుపు ఆ విటమిన్ని పీల్చుకోవడం మానేసిందట, ఏం తిన్నా ఒంటబట్టదట, ఆ తిమ్మిర్లూ, కప్పులు చేజారడమూ దానివల్లేనట, అందుకే సూదులు. మతిమరుపు తగ్గొచ్చంది. కాళ్ల సంగతి అడిగితే మాత్రం, "ఇంకొంచెం ముందు తీసుకురావాల్సిందమ్మా," అంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా అని కూడా అడిగింది. మీ అబ్బాయి నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఆ తర్వాత, మాటవరసకే లెండి, నువ్వేం చేస్తుంటావమ్మా అని నన్నడిగింది.

ఏదో ఆఫీసులో గుమాస్తానని చెప్పానత్తయ్యా.